పాళెగాళ్ళ నెత్తిన ఎందుకు రుద్దుతారు?

పులివెందుల వైపు ఒక హత్య జరిగితే కారణం వెతికే శ్రమ ఎవరూ పడరు. కారణం ముందే సిద్ధంగా ఉంటుంది. "సీమ కదా, అక్కడంతే" అంటారు. ఇంకొంచెం చదువుకున్నవాళ్ళయితే విజయనగరం పతనం దగ్గర మొదలుపెడతారు. రాజ్యం పడిపోయింది, పాళెగాళ్ళు ఎక్కడికక్కడ చిన్న రాజులయ్యారు, ఆ రక్తమే ఇప్పటి నాయకుల్లో పారుతోంది, కక్ష ఆ నేల గుణం అని ముగిస్తారు. గుంటూరులో కూర్చున్నవాడు ఈ మాటను కొంత భయంతో, కొంత ఎగతాళితో అంటాడు. ప్రొద్దుటూరులో కూర్చున్నవాడు మీసం మీద చెయ్యి వేసి అంటాడు. ఒకడు తిట్టుగా వాడితే ఇంకొకడు బిరుదుగా తగిలించుకుంటాడు. ఇద్దరూ చెప్పేది ఒకే అబద్ధం.

ముందు పాళెగాళ్ళ సంగతి తేల్చుకుందాం. 1800లో నిజాం ఈ రాయలసీమ జిల్లాలను కుంఫిణీకి రాసిచ్చేశాడు. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. అతను వచ్చేనాటికి ఈ దత్తమండలాల్లో సుమారు 80 మంది పాళెగాళ్ళున్నారు. వాళ్ళ బంట్లను రద్దు చేయించాడు, కోటలు పట్టాడు, ఎదురు తిరిగినవాళ్ళను తరిమాడు, లొంగినవాళ్ళ మొహాన పింఛను పడేశాడు. శిస్తు రైతు చేతి నుంచి నేరుగా ఖజానాకు పోయేలా రైత్వారీ పెట్టాడు. పాళెగాడి బలమంతా మూడింటిలో ఉండేది: శిస్తు వసూలు చేసే హక్కు, కావలి హక్కు, ఆ రాబడితో మేపుకునే బంట్లు. ఏడేళ్ళలో మూడూ పోయాయి.

మరి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మాటేమిటని అడుగుతారు. 1846లో ఆయన తిరగబడ్డాడు, నిజమే. అప్పటికి ఆయనకు అందుతున్న పింఛను నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాళెగాళ్ళ కుటుంబపు పింఛనులో వాటా రావాలని అడిగితే కుంఫిణీ అధికారులు కాదన్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరి తీశారు. ఆ తిరుగుబాటు గొప్పదే. కానీ పాళెగాళ్ళ ఏలుబడి అప్పటికీ బతికుందనడానికి దాన్ని సాక్ష్యంగా తేవడం తెలివితక్కువ. కలెక్టరు కచేరీలో నెలనెలా చెయ్యి చాచాల్సిన స్థితికి ఒకప్పటి దొరలు వచ్చారనే అది చెబుతోంది.

పైగా పాళెగాళ్ళు కడపకే పరిమితమా? మన్రో కాలంలోనే చిత్తూరు పాళెగాళ్ళు కుంఫిణీ మీద కత్తి దూశారు. శ్రీకాళహస్తి, వెంకటగిరి, కార్వేటినగరం దొరలూ ఆ కోవవాళ్ళే. తిరునెల్వేలి పాళెగాడు కట్టబొమ్మన్‌ను 1799లోనే ఉరి తీశారు. పాళెగాళ్ళ రక్తమే బాంబు చుట్టేదైతే కుప్పంలో, వెంకటగిరిలో, పాంచాలంకురిచ్చిలో ఇంటింటా నాటుబాంబుల బకెట్లు దొరకాలి. దొరకవు. ఇక పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఈ మూడు నియోజకవర్గాల్లో గత యాభై ఏళ్ళుగా ఓట్లడిగినవాళ్ళలో పాళెగాళ్ళ వంశవృక్షం ఎవరి దగ్గరుందో చూపించమనండి. అక్కడ కనిపించేది రైతులు, గుత్తేదార్లు, డాక్టర్లు, వాళ్ళ కొడుకులూ అన్నదమ్ముల పిల్లలూ. దొరల మునిమనవలు కానేకారు.

ఇలాంటి అబద్ధం చెప్పుకునేది మనమొక్కరమే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. మనకు చాలా దూరంలో, కాకసస్ కొండల్లో, ఒక చిన్న జాతి మీద ఇదే నింద రెండు వందల ఏళ్ళుగా ఉంది. చెచెన్లు పుట్టుకతోనే కొట్లాటగాళ్ళు, పగ వాళ్ళ ధర్మం, తెగపెద్ద మాటే వాళ్ళకు చట్టం అంటారు. మన్రో ఇక్కడ శిస్తు లెక్కలు కట్టిన కొన్నేళ్ళకు జనరల్ యెర్మోలోవ్ అక్కడ ఊళ్ళు తగలబెట్టించాడు. 1827లో మన్రో పత్తికొండలో కలరాతో పోయాడు. అదే ఏడు జారు చక్రవర్తి యెర్మోలోవ్‌ను కాకసస్ నుంచి వెనక్కి పిలిపించాడు. తర్వాత కవుల వంతు వచ్చింది. లెర్మొంతోవ్ రాసిన కజాక్ జోలపాటలోనే చెచెన్ దుష్టుడయ్యాడు. రష్యన్ పిల్లలు ఉయ్యాల్లో ఉండగానే ఆ భయం నేర్చుకున్నారు. 1994 డిసెంబరులో చెచెన్ రాజధాని గ్రోజ్నీ మీదికి ట్యాంకులు నడిచినప్పుడు మాస్కో పత్రికలూ, లండన్ పత్రికలూ కూడా పాత పాటే ఎత్తుకున్నాయి: కొండజాతి, తెగలు, పగలు.

అయితే ఆ ట్యాంకులకు ఎదురు నిలబడ్డవాళ్ళెవరో చూడండి. జొఖార్ దుదాయెవ్ సోవియట్ వైమానిక దళంలో మేజర్ జనరల్. ఎస్టోనియాలోని తార్తూలో దూరం వెళ్ళే బాంబర్ విమానాల డివిజన్‌కు అధిపతిగా పనిచేశాడు. 1944 ఫిబ్రవరిలో పుట్టాడు. పుట్టిన కొద్ది రోజులకే, ఆ నెల 23న, స్టాలిన్ చెచెన్ జాతి మొత్తాన్ని పశువుల రైళ్ళకెక్కించి కజకిస్తాన్‌కు తోలేశాడు. అతని బాల్యమంతా అక్కడే గడిచింది. అస్లాన్ మస్ఖదోవ్ పుట్టింది కూడా కజకిస్తాన్‌లోనే. అతను సోవియట్ శతఘ్ని దళంలో కల్నల్‌. హంగరీలో, లిథువేనియాలో కొలువు చేశాడు. జెలిమ్‌ఖాన్ యందర్బియెవ్ కవి, పిల్లల కోసం రాసినవాడు. 2004లో దోహాలో అతని కారు కింద బాంబు పేలింది. కతార్ కోర్టు ఇద్దరు రష్యన్ ఏజెంట్లకు శిక్ష వేసింది. అందరిలోకీ క్రూరుడిగా పేరుపడ్డ షమీల్ బసాయెవ్ 1991 ఆగస్టులో మాస్కో వీధుల్లో యెల్త్సిన్‌కు కాపలా నిలబడ్డానని తానే చెప్పుకున్నాడు. 1992లో అబ్ఖాజియాలో రష్యా అండ ఉన్న పక్షం తరఫున పోరాడి యుద్ధం నేర్చుకున్నాడు. 1995లో బుద్యోనోవ్‌స్క్ ఆసుపత్రిలో రోగులను బందీలుగా పట్టుకున్నదీ అతనే.

వీళ్ళలో కొండ తెగపెద్ద ఒక్కడూ లేడు. ఒకడిని సోవియట్ సైనిక అకాడమీ తయారు చేసింది, ఇంకొకడిని రచయితల సంఘం, మరొకడిని సామ్రాజ్యం తన పొరుగువాళ్ళ మీద నడిపిన యుద్ధం. 1997 జనవరిలో విదేశీ పరిశీలకులు చూస్తుండగా జరిగిన ఎన్నికలో చెచెన్లు మస్ఖదోవ్‌నే అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. అభ్యర్థుల్లో మాస్కోతో మాట్లాడగల మెత్తని మనిషి అతనే. బసాయెవ్ ఆ ఎన్నికలోనే ఓడిపోయాడు. కొట్లాట రక్తంలో ఉన్న జాతి ఓటు అడిగితే కొట్లాటగాణ్ణి ఓడించింది. మస్ఖదోవ్‌ను 2005 మార్చి 8న రష్యన్ దళాలు చంపాయి.

ఆ తర్వాత ఏలుబడికి వచ్చిన వంశం కథ మన వాదానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. అహ్మద్ కదిరోవ్ మొదటి యుద్ధంలో రష్యా మీద జిహాద్ ప్రకటించిన ముఫ్తీ. రెండో యుద్ధం మొదలవగానే మాస్కో పక్షం చేరాడు. 2000లో పుతిన్ అతన్ని పాలనాధిపతిగా నియమించాడు. 2003లో అధ్యక్షుడయ్యాడు. 2004 మే 9న గ్రోజ్నీ స్టేడియంలో అతని ఆసనం కింద బాంబు పేలి చనిపోయాడు. ఆ సాయంత్రమే కొడుకు రంజాన్ క్రెమ్లిన్‌లో పుతిన్ ఎదుట నిలబడ్డాడు. వయసు 27. మర్నాటికి ఉపప్రధాని, 2006లో ప్రధాని, ముప్పై నిండగానే 2007లో అధ్యక్షుడు. చెచెన్యా బడ్జెట్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా మాస్కో ఖజానా నుంచే వస్తుంది. కదిరోవ్ మనుషులు ఎక్కువమంది లొంగిపోయిన పాత తిరుగుబాటుదార్లు. వాళ్ళకు రష్యా ప్రభుత్వం యూనిఫారం ఇచ్చింది, జీతం ఇచ్చింది, తుపాకీ ఇచ్చింది. 2007, 2011 పార్లమెంటు ఎన్నికల్లో పాలక పార్టీకి 99 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి.

ఇది చెచెన్ సంప్రదాయమేనా? చెచెన్ల పాత కట్టుబాట్లు తెలిసినవాళ్ళెవరైనా ఈ ప్రశ్నకు నవ్వుతారు. చుట్టుపక్కల కొండజాతులకు రాజులు, ప్రభువులు ఉండేవాళ్ళు. చెచెన్లకు మాత్రం ఆ అలవాటు లేదు. ఊరి పెద్దలు కూర్చుని తేల్చుకునేవాళ్ళు. పగకు కూడా నియమం ఉండేది, అది ముందుగా హంతకుడి వెంటే పోవాలి. 2014 డిసెంబరులో గ్రోజ్నీలో దాడి జరిగాక, తిరుగుబాటుదార్ల కుటుంబాలను చెచెన్యా నుంచి వెళ్ళగొడతాననీ, వాళ్ళ ఇళ్ళు నేలమట్టం చేస్తాననీ కదిరోవ్ ప్రకటించాడు. అది తాతల కట్టుబాటు నుంచి తెచ్చుకున్నది కాదు. 1944లో స్టాలిన్ ఒక జాతి మొత్తానికి వేసిన శిక్షకు చిన్న నకలు. కానీ దాన్ని కూడా చెచెన్ ఆచారమనేవాళ్ళున్నారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గ్రోజ్నీ శిథిలాలకూ ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకూ పోలిక పెట్టడం లేదు. పెన్న ఒడ్డున ట్యాంకులు దిగలేదు. జమ్మలమడుగు మీద విమానాలు బాంబులు వేయలేదు. మన నాయకులు ఎన్నికల్లో నిలబడతారు, కొన్నిసార్లు ఓడిపోతారు. నేను పోల్చేది రెండుచోట్లా చెప్పే సాకును. రాజధాని తయారు చేసిన మనిషిని చూపించి, ఇతను ఈ నేలలోంచి మొలిచాడని చెప్పే సాకు.

మన మూడు ఊళ్ళకు వద్దాం. పులివెందులను నలభై ఏళ్ళకు పైగా ఏలిన ఇంటి కొడుకు గుల్బర్గాలో ఎంబీబీఎస్ చదివినవాడు. సొంత ఊళ్ళో రూపాయి డాక్టరుగా పేరు తెచ్చుకున్నాడు, 1978లో శాసనసభకు వెళ్ళాడు, 2004లో ముఖ్యమంత్రి అయ్యాడు. 1983లో ప్రొద్దుటూరు ఎమ్మెల్యే అయిన ఎం.వి. రమణారెడ్డి కూడా డాక్టరే. అంతకుమించి రచయిత. 'రాయలసీమ కన్నీటి గాథ' రాశాడు, 'పాపియాన్'ను తెలుగులోకి తెచ్చాడు, రాయలసీమ విమోచన సమితి పెట్టాడు, కార్మికుల తరఫున నిలబడ్డాడు, జైలు చూశాడు, ప్రొద్దుటూరు పార్టీ గొడవల్లోనూ తలమునకలయ్యాడు. మార్క్సును అన్నేళ్ళు చదివిన మనిషి ఆ గొడవల్లోకి ఎందుకు దిగాల్సి వచ్చిందన్నది చర్చించాల్సిన ప్రశ్న. రక్తం అనగానే ఆ ప్రశ్న ముగిసిపోతుంది. కవి యందర్బియెవ్‌ను కొండజాతివాడని కొట్టేసినట్టే.

ఊళ్ళల్లో రెండు పార్టీలు ఉండటం పాత సంగతే, ఒప్పుకుంటాను. సీమలో పార్టీ అంటే జెండా ఉన్నది మాత్రమే కాదని అందరికీ తెలుసు. పెద్దరెడ్డి పార్టీ, చిన్నరెడ్డి పార్టీ. గట్టు తగాదా, బావి నీళ్ళ వంతు, చెరువు కింద కయ్య, జాతర ముందు నడిచే మర్యాద, ఇవే వాటి మూలాలు. కర్రలతో కొట్టుకున్నారు, తలలు పగిలాయి, అప్పుడప్పుడూ ప్రాణాలూ పోయాయి. కానీ ఆ రెడ్డి పెత్తనం పొలిమేర దగ్గర ఆగిపోయేది. అరవై ఊళ్ళను ఒక్క మనిషి వెనక నిలబెట్టగల డబ్బు ఏ ఊరి పొలంలోనూ పండదు. అది పై నుంచి రావాలి.

1959లో పంచాయతీ రాజ్ వచ్చింది. సమితి అధ్యక్షుడి చేతికి రోడ్డు పనులు, బావుల అప్పులు, టీచర్ల బదిలీలు వచ్చాయి. ఊరి పార్టీ ఓట్ల మూటగా మారింది. ఆ మూట తెచ్చి ఇచ్చేవాడికి పైనున్న మంత్రి పని ఇప్పించాడు. తర్వాత సారా గుత్తలు వచ్చాయి. ఎక్సైజు వేలంలో పోటీదారు చెయ్యెత్తకుండా చూడాలంటే మనుషులు కావాలి. పాట దక్కాక ఆ మనుషులను పోషించే డబ్బు సారాలోనే వస్తుంది. 1993లో దూబగుంట ఆడవాళ్ళ పుణ్యాన సారా పోయేదాకా ఈ చక్రం తిరిగింది. పులివెందుల వైపు వేంపల్లె చుట్టూ ముగ్గురాయి గనులున్నాయి. చమురు బావులు తవ్వేటప్పుడు ముగ్గురాయి పొడి కావాలి. డెబ్భైల్లో ప్రపంచమంతా చమురు వెతకడం మొదలుపెట్టాక కడప ముగ్గురాయికి ధర వచ్చింది. గని లీజు ఇచ్చేది ప్రభుత్వం. పాళెగాడు శిస్తు వసూలు చేసుకున్నట్టు దాన్ని ఎవరూ సొంతంగా వసూలు చేసుకోలేరు. ఆ సంతకం ఎవరికి దక్కాలన్న దగ్గరే వేటకొడవళ్ళు బయటికి వచ్చాయి. పౌరహక్కుల నేత బాలగోపాల్ ఈ సంగతులను ఎప్పుడో రాశాడు. ఆయన రాసింది చదవకుండా సినిమా చూసి మాట్లాడేవాళ్ళ కోసమే ఇదంతా మళ్ళీ చెప్పాల్సి వస్తోంది.

రక్తం మాట చెల్లకపోతే కొందరు కరువును తెస్తారు. వానల్లేవు, పంటల్లేవు, కుర్రాళ్ళకు పనిలేదు, అందుకే కొట్టుకుంటారని. వినడానికి జాలిగా ఉంటుంది గానీ ఇదీ నిలవదు. దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. అక్కడ ఎండిపోయిన పల్లెలెన్నో బాంబు శబ్దమే వినకుండా బెంగుళూరుకు వలసపోయాయి. ఈ మూడు ఊళ్ళు జిల్లాలో పేద ఊళ్ళు కానే కావు. ప్రొద్దుటూరులో బంగారం, బట్టల వ్యాపారం. జమ్మలమడుగు చుట్టూ బండల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, కలమల్ల దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం. పులివెందుల చుట్టూ చీనీ తోటలు, అరటి, ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియం. కక్ష ఎండిన చోటికి పోలేదు. లారీలు తిరిగే చోటికి పోయింది.

2024 నవంబరులో అది అందరికీ కనిపించింది. కలమల్ల విద్యుత్ కేంద్రం నుంచి తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీకి బూడిద తోలే లారీల మీద జమ్మలమడుగు నేతకూ తాడిపత్రి నేతకూ తగాదా ముదిరింది. లారీలు ఆగాయి, పోలీసులు మోహరించారు. పంచాయితీ ముఖ్యమంత్రి దాకా పోయింది. ఇద్దరూ ఒకే కూటమివాళ్ళు. పౌరుషం, వంశం, పాళెగాళ్ళ ఠీవి అంటూ పాటలు కట్టేవాళ్ళు ఈ ఘట్టాన్ని సినిమా తీయరు. బొగ్గు కాలగా మిగిలిన బూడిద మీద తొడ కొట్టినట్టు చూపిస్తే టిక్కెట్లు తెగవు మరి.

నాయకుడి వెనకాల నడిచే మనుషులను కూడా ఓసారి లెక్కగట్టండి. ముందున్న ఇద్దరు గన్‌మన్లు. వాళ్ళ జీతం ప్రభుత్వానిది, తూటాలు ప్రభుత్వానివి. నాయకుడి సొంత తుపాకీ లైసెన్సు మీద సంతకం జిల్లా అధికారిది. కాన్వాయ్‌లో వెనకబండ్లకు డీజిలు పోయించేది కాలువ పనుల బిల్లు. ఆ బిల్లు పాసు చేసేది ఇంజనీరు, ఆ ఇంజనీరును ఇక్కడికి బదిలీ చేయించింది ఈ నాయకుడే. స్టేషన్లో సీఐ ఎవరుండాలో అడిగి వేస్తారు. అన్నిటికంటే పైన బి-ఫారం, దాని మీద సంతకం పార్టీ అధ్యక్షుడిది. పాళెగాడికి ఇవేవీ అవసరం లేకపోయింది. ఈ నాయకుడి దగ్గర నుంచి ఇవి లాగేస్తే ఊళ్ళో రెండు బోర్లు, పదెకరాల చీనీ తోట ఉన్న మనిషి మిగులుతాడు.

"మరి పగలు? తండ్రిని చంపినవాణ్ణి కొడుకు వదలడు కదా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటవేయను. పగలు నిజమే. జమ్మలమడుగు మాజీ మంత్రి పొన్నపురెడ్డి శివారెడ్డిని 1993లో హైదరాబాదులో బాంబులేసి చంపారు. 1998 మేలో ఆ రూపాయి డాక్టరు తండ్రి రాజారెడ్డిని పులివెందుల దగ్గర బాంబులతోనే చంపారు. ఆ ఇళ్ళల్లో పెరిగిన పిల్లలు ఏం మోశారో బయటివాళ్ళు తేలిగ్గా మాట్లాడకూడదు. కానీ పగ రక్తంలోదైతే 2019 జనవరిలో జరిగింది జరగకూడదు. జమ్మలమడుగులో రామసుబ్బారెడ్డి, దేవగుడి ఆదినారాయణరెడ్డి వర్గాలు దశాబ్దాల శత్రువులు. తెలుగుదేశం అధినేత ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకరికి అసెంబ్లీ టిక్కెట్టు, ఇంకొకరికి కడప ఎంపీ టిక్కెట్టు ఇచ్చాడు. ఇద్దరూ ఒకే వేదిక ఎక్కి, ఒకే గుర్తుకు ఓటెయ్యమని అడిగారు. ఇద్దరూ ఓడారు. ఏడాది తిరక్కముందే ఒకరు భాజపాలో, ఇంకొకరు వైకాపాలో తేలారు. ఈ రాజీ కుదర్చడానికి ఏ పీఠాధిపతీ రాలేదు, ఏ కులపెద్దా రాలేదు. రెండు బి-ఫారాలు చాలాయి. అదే రాజీ ఇరవై ఏళ్ళ ముందు ఎందుకు జరగలేదు? అప్పుడు రాజధానికి వీళ్ళిద్దరూ విడివిడిగా, ఎదురెదురుగా ఉండటమే పనికొచ్చింది. ఆ ఇరవై ఏళ్ళలో చచ్చిన అనుచరుల పేర్లు ఏ వేదిక మీదా ఎవరూ చదవలేదు.

ఓట్ల లెక్కలూ అదే చెబుతున్నాయి. ఉమ్మడి కడప జిల్లాలో 2019లో పదికి పది సీట్లూ ఒకే పార్టీకి పోయాయి. 2024లో అదే పార్టీకి మూడు మిగిలాయి. పులివెందుల జెడ్పీటీసీ స్థానంలో ఒకే ఇంటి మాట దశాబ్దాలుగా చెల్లింది, ఏకగ్రీవాలూ చూసింది. 2025 ఆగస్టు ఉపఎన్నికలో అక్కడ తెలుగుదేశం ఆరు వేలకు పైగా ఆధిక్యంతో గెలిచింది, అవతలి అభ్యర్థికి డిపాజిట్ కూడా దక్కలేదు. ముప్పై ఏళ్ళకు జనం స్వేచ్ఛగా ఓటేశారని గెలిచినవాళ్ళు అన్నారు. పోలీసులను పెట్టుకుని బయటి మనుషులతో ఓట్లు గుద్దించారని ఓడినవాళ్ళు అన్నారు. ఎవరి మాట నమ్మినా నా వాదానికి నష్టం లేదు. మొదటిది నిజమైతే ఇన్నేళ్ళ ఏకగ్రీవాలు జనం రక్తంలోంచి రాలేదు. రెండోది నిజమైతే పులివెందుల ఎవరిదో తేల్చేది అమరావతిలో ఎవరున్నారన్నదే. ఆ పార్లమెంటు ఎన్నికల్లో గ్రోజ్నీ పెట్టెల్లోంచి 99 శాతం లెక్క ఎలా వచ్చిందో అర్థం చేసుకోవాలంటే తెగల చరిత్ర తిరగేయనక్కర్లేదు. ఆ పెట్టెలకు కాపలా ఎవరో చూస్తే చాలు.

ఇక సినిమా. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడాక తెలుగు నిర్మాతలకు సీమ గనిలా దొరికింది. నరసింహనాయుడు, ఆది, ఇంద్ర, వరసపెట్టి వచ్చాయి. తెల్లచొక్కాలు, సుమోలు, గాల్లోకి లేచే బండ్లు. వాటిలో ఎక్కడా టెండరు ఫారం కనిపించదు, లీజు కాగితం కనిపించదు, ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడ్డ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కనిపించడు. ఆ పరిశ్రమను మద్రాసులో నిలబెట్టినవాళ్ళలో ముందువరసన ఉన్న అన్నదమ్ములు బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి కడప జిల్లా పల్లెల నుంచి పోయినవాళ్ళే. 'మల్లీశ్వరి', 'మాయాబజార్' ఆ ఇంటి నుంచి వచ్చాయి. పులివెందుల పక్క పైడిపాలెం రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కో వెళ్ళి కొన్నేళ్ళు అనువాదకుడిగా పనిచేశాడు. తెలుగులో ఆయనంత నిక్కచ్చిగా సాహిత్య విమర్శ రాసినవాళ్ళు తక్కువ. వీళ్ళ పేర్లు చెప్పి సీమ మంచిదని సర్టిఫికెట్ ఇవ్వడం నా ఉద్దేశం కాదు. నేలకు గుణం అంటగట్టేవాళ్ళు తమకు పనికొచ్చే ముఖాలనే ఏరుకుంటారు, అంతే.

ఈ అబద్ధంతో జరిగే అసలు నష్టం న్యాయస్థానం మెట్ల దగ్గర తెలుస్తుంది. 2019 మార్చి 15న ఆ రూపాయి డాక్టరు తమ్ముడు వివేకానందరెడ్డి పులివెందుల ఇంట్లో హతుడై కనిపించాడు. మొదట గుండెపోటన్నారు. తర్వాత గొడ్డలి అన్నారు. ఆయన కూతురు కోర్టుల చుట్టూ తిరిగితే 2020లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను ఆంధ్రప్రదేశ్ దాటించి హైదరాబాదుకు మార్చింది. ఎవరు చేశారో తేల్చాల్సింది ఆ కోర్టు, నేను కాదు. కానీ ఆ ఏళ్ళన్నీ తెలుగు రాష్ట్రాల్లో నేను విన్న మాట "పులివెందుల కదా, మామూలే." ఆ మామూలే అన్న మాట నిందితులందరికీ ఒకేసారి బెయిలు ఇచ్చేస్తుంది. రక్తం చేసిన హత్యకు ఎవరిని బోనెక్కిస్తారు? ఆ కూతురిదీ అదే రక్తం కదా, ఆమె వేటకొడవలి పట్టలేదు, రిట్ పిటిషన్ పట్టుకుంది.

గ్రోజ్నీలోనూ ఒకామె కాగితమే పట్టుకుంది. చరిత్ర టీచరుగా పనిచేసిన నతాలియా ఎస్తెమీరోవా తండ్రి చెచెన్, తల్లి రష్యన్. మాయమైన మనుషుల జాబితా ఇంటింటికీ తిరిగి రాసేది. 2009 జులై 15 పొద్దున ఆమెను ఇంటి ముందు నుంచి ఎత్తుకుపోయారు, సాయంత్రానికి పక్క ప్రాంతంలో శవమై దొరికింది. ఆమె అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒకే పద్ధతిలో ఉండేవి. ఏ యూనిఫారం? ఏ బండి? ఎవరి ఆజ్ఞ? తెగ గురించి ఆమె అడిగేది కాదు.

మన విలేఖర్లకూ, టీవీ విశ్లేషకులకూ నా విన్నపం అదే. జమ్మలమడుగులో ఉక్కు ఫ్యాక్టరీకి 2007 నుంచి 2023 దాకా ముగ్గురు ముఖ్యమంత్రులు శంకుస్థాపన రాళ్ళు వేశారు. 2007లో అంబవరం, 2018లో కంబాలదిన్నె, 2019లో సున్నపురాళ్ళపల్లె. 2023లో సున్నపురాళ్ళపల్లెలోనే మళ్ళీ ఒకటి. నాలుగు రాళ్ళు పడ్డా ఉక్కు రాలేదు. రేపు ఐదో రాయి పడి నిజంగానే పని మొదలైతే, మట్టి తోలే గుత్త కోసం ఎవరో ఒకరు చస్తారు. ఆ రోజు స్టూడియోలో పాళెగాళ్ళ చరిత్ర ఎత్తవద్దు. చచ్చినవాడు ఎవరి మనిషి, చంపించాడన్నవాడికి గన్‌మన్లను ఎవరిచ్చారు, ఆ గుత్త కాగితం మీద సంతకం ఎవరిది, గత ఎన్నికలో అతని బి-ఫారం ఎవరు చేతికిచ్చారు, ఈ నాలుగూ అడగండి. బి-ఫారం ఇచ్చింది పాళెగాడు కాదు, పార్టీ అధ్యక్షుడు. మైకు ఆయన ముందు పెట్టండి.